కోడిపెట్ట ముగ్గు తొక్కింది: ఇంట్లో కూర్చుని 40 సెకన్ల యానిమేషన్ సినిమా తీయడం ఎలా

మాటలు లేని 40 సెకన్ల సినిమా ఒకటి తీద్దాం. కథ చిన్నది. తెల్లవారుజామున కళ్ళాపి చల్లిన వాకిట్లో ఒక అవ్వ బియ్యప్పిండితో ముగ్గు వేసి లోపలికి వెళ్తుంది. కోడిపెట్ట వచ్చి పిండి పొడుచుకు తింటూ ముగ్గంతా తొక్కేస్తుంది. అవ్వ చీపురుతో అదిలించబోతుంది. నేల మీద పడిన మూడు వేళ్ల అడుగులు చూసి ఆగిపోతుంది. మళ్లీ పిండి తీసుకుని ఆ అడుగుల చుట్టూ రేకులు వేసి, వాటినే ముగ్గులో కలిపేస్తుంది.

ఈ కథ ఎంచుకోవడానికి నాకు గట్టి కారణాలున్నాయి. మాటల్లేవు కాబట్టి పెదవుల కదలికతో పనిలేదు. కోడికి రెండే కాళ్లు, ముఖంలో హావభావాలు అక్కర్లేదు. అవ్వను పూర్తిగా చూపించం, మోచేతి దాకా గాజుల చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. మనిషి ముఖాన్ని నమ్మేలా కదిలించడం ఏళ్ల తరబడి నేర్చుకునే పని. మొదటి సినిమాలో దాన్ని ఫ్రేములోకే రానివ్వకండి. మీకు వేరే కథ ఉంటే ఇదే కొలతతో చూడండి: ఒక చోటు, ఒకటి రెండు పాత్రలు, నిమిషం లోపు.

ముందు ఏం కావాలి

బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. పూర్తిగా ఉచితం, 2002 నుంచి ఓపెన్ సోర్స్. దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. కంప్యూటర్‌కి కనీసం 8 జీబీ ర్యామ్, 2 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు కావాలి. 16 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా ఉంటుంది. మధ్యలో చక్రం ఉన్న మామూలు మౌస్ తప్పకుండా కొనుక్కోండి. టచ్‌ప్యాడ్‌తో నెట్టుకురావాలని చూసేవాళ్లు మొదటి వారంలోనే విసిగిపోతారు. మెనూ పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. వెర్షన్ మారితే ఒకటీ అరా చోటు గానీ పేరు గానీ మారి ఉండొచ్చు.

బ్లెండర్‌లో చిత్రాన్ని తయారుచేసే ఇంజన్లు ముఖ్యంగా రెండు. సైకిల్స్ కాంతి కిరణాలు ఎక్కడ తగిలి ఎటు వెళ్తాయో లెక్కగడుతుంది. చాలా సహజంగా ఉంటుంది, కానీ నిదానం. ఈవీ వీడియో గేముల పద్ధతిలో పనిచేస్తుంది. 2019లో 2.80 వెర్షన్‌తో వచ్చింది. దీపం కాస్త జరిపితే తెర మీద నీడ అప్పటికప్పుడే జరుగుతుంది. మన 40 సెకన్ల సినిమాకి సెకనుకు 24 చొప్పున 960 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. ఒక్కో ఫ్రేముకు 2 సెకన్లు పడితే మొత్తం 32 నిమిషాలు. అదే 2 నిమిషాలు పడితే 32 గంటలు. రాత్రి అనుకున్న మార్పు పొద్దున్నే కళ్లారా చూడగలగడానికీ, మరో రెండు రోజులు ఆగడానికీ మధ్య తేడా ఇదే. అందుకే మనం ఈవీనే వాడదాం. ఈవీతో పెద్ద సినిమాలు రావనే అనుమానం ఉంటే వదిలేయండి. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన, మాటలే లేని ‘ఫ్లో’ను బ్లెండర్‌లో ఈవీతోనే రెండర్ చేశారు, అంటే చివరి చిత్రాలుగా తయారుచేశారు. 2025లో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

మొదటి రోజే సినిమా మొత్తం చూసేయండి

నేను మొదటిసారి కూర్చున్నప్పుడు చేసిన తప్పు ముందే చెప్తాను. కోడి ఈకలు ఒక్కొక్కటే చెక్కుతూ నెలన్నర గడిపాను. ఈకలు బాగానే వచ్చాయి. సినిమా మాత్రం రాలేదు, ఎందుకంటే ఆ కోడి ఏ షాట్‌లో ఎంత దూరంలో కనబడుతుందో నేను ఆలోచించనే లేదు. అప్పటి నుంచి నాకు ఒకటే పద్ధతి: మొదటి రోజు సాయంత్రానికల్లా సినిమా మొదటి నుంచి చివరిదాకా ఏదో ఒక రూపంలో ఆడాలి. అది గీతలు కావచ్చు, డబ్బాలు కావచ్చు. ఆ తర్వాత ప్రతి రోజూ ఆ ఆడుతున్న సినిమానే బాగుచేసుకుంటూ పోవాలి.

కాగితం తీసుకుని తొమ్మిది గడులు గీయండి. ఒక్కో గడి ఒక్కో షాట్. నేను వేసుకున్న లెక్క ఇది: వాకిలి మొత్తం, 4 సెకన్లు. పిండి జారవిడుస్తున్న చెయ్యి, 6. పై నుంచి పూర్తయిన ముగ్గు, 3. గంప చాటు నుంచి కోడి రావడం, 5. పొడుస్తున్న ముక్కు దగ్గరగా, 3. తొక్కుతున్న కాళ్లు, 4. చీపురు పట్టిన చెయ్యి రావడం, కోడి పరుగు, 4. చెయ్యి ఆగిపోవడం, నేల మీద అడుగులు, 4. అడుగుల చుట్టూ రేకులు, 7. మొత్తం 40.

బొమ్మలు చక్కగా రానక్కర్లేదు. ఫోన్‌తో ఫొటోలు తీసి కంప్యూటర్‌లో వేసుకోండి. బ్లెండర్‌లో వీడియో ఎడిటింగ్ అనే వర్క్‌స్పేస్ తెరిచి, ఆ తొమ్మిది ఫొటోలను లెక్క ప్రకారం వరుసగా పరవండి. అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో 1920 × 1080, ఫ్రేమ్ రేటు 24, చివరి ఫ్రేము 960 అని పెట్టి స్పేస్ బార్ నొక్కండి. చూస్తూ కోడి అరుపు, చీపురు చప్పుడు నోటితోనే చేసి ఫోన్‌లో రికార్డు చేసి కింద పెట్టుకోండి. ఎక్కడ విసుగు పుడుతుందో, ఎక్కడ అర్థమయ్యేలోపే అయిపోతుందో అప్పుడే తెలిసిపోతుంది. నాకు పై నుంచి ముగ్గు చూపే షాట్ మొదట 6 సెకన్లు ఉండేది. ఇలా ఆడించి చూశాకే సగానికి తగ్గించాను.

డబ్బాలతో వాకిలి, కెమెరాలు

ఇప్పుడు త్రీడీలోకి రండి. షిఫ్ట్, ఎ కలిపి నొక్కితే వస్తువులు చేర్చే మెనూ వస్తుంది. నేలకు ఒక ప్లేన్ (మందం లేని పలక), గోడకు ఒక డబ్బా, గంపకు సగం గోళం, కోడికి ఒక గోళం. జి నొక్కితే జరుగుతుంది, ఆర్ నొక్కితే తిరుగుతుంది, ఎస్ నొక్కితే పెరుగుతుంది. ఈ మూడు మీటలు వేళ్లకు అలవాటైతే సగం పని వచ్చినట్టే. కొలతలు నిజమైనవే పెట్టండి. కోడి ఎత్తు 40 సెంటీమీటర్ల దగ్గర, ముగ్గు మీటరున్నర వెడల్పు. కొలతలు తప్పితే తర్వాత నీడలు, కెమెరా అన్నీ తేడాగా అనిపిస్తాయి.

తొమ్మిది షాట్లకు తొమ్మిది కెమెరాలు పెట్టండి. మౌస్‌తో తిరుగుతూ మీకు నచ్చిన కోణం దొరికినప్పుడు కంట్రోల్, ఆల్ట్, నంబర్ ప్యాడ్ సున్నా కలిపి నొక్కితే అప్పుడు పనిచేస్తున్న కెమెరా ఆ కోణంలోకి వచ్చి నిలబడుతుంది. నిజం సెట్‌లో కెమెరామన్ నేల మీద పడుకుని, నిచ్చెనెక్కి వెతికే పనిని మీరు కుర్చీలోంచే చేస్తున్నారు. ఈ వెతుకులాటకు ఒక పూట పూర్తిగా కేటాయించండి. కోడి షాట్లకు కెమెరాను కోడి కంటి ఎత్తుకు దించి చూడండి. ముగ్గు ఒక పెద్ద తెల్లని మైదానంలా కనిపిస్తుంది, అవ్వ చెయ్యి ఆకాశం నుంచి దిగినట్టుంటుంది. కాగితం మీద నాకు ఈ సంగతి తట్టలేదు, కెమెరాను దించాకే తెలిసింది.

టైమ్‌లైన్‌లో ఒక్కో షాట్ మొదలయ్యే ఫ్రేము దగ్గర ఎం నొక్కి మార్కర్ పెట్టండి. ఆ షాట్ కెమెరాను ఎంచుకుని, మార్కర్ మెనూలో బైండ్ కెమెరా టు మార్కర్స్ నొక్కండి. ఇక స్పేస్ నొక్కితే షాట్లు వాటంతట అవే మారుతూ ఆడతాయి. కోడి స్థానంలో ఉన్నది గోళమే అయినా మీ ఎదుట ఆడుతున్నది సినిమానే.

బొమ్మలు, ఎముకలు

కోడిని గోళం నుంచే మొదలుపెట్టండి. ట్యాబ్ నొక్కి ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి, ఒళ్లు చిన్న కుండ ఆకారానికి తెచ్చి, మెడ, తోక లాగండి. మిర్రర్ మాడిఫయర్ పెట్టుకుంటే ఒక పక్క చేసింది రెండో పక్క దానంతటదే వస్తుంది. తల మీద ఎర్రటి కోడిజుట్టు, ముక్కు, గుండ్రటి కన్ను. ఈకలు ఒక్కొక్కటే వద్దు. రెక్కల దగ్గర నాలుగైదు పొరలు చాలు, మిగతాది రంగుతో సరిపెట్టొచ్చు. కాళ్ల మీద మాత్రం శ్రద్ధ పెట్టండి. ఆరో షాట్ మొత్తం కాళ్లదే. ముందుకు మూడు వేళ్లు, వెనక్కి ఒకటి.

చెయ్యిని మొదటినుంచి చెక్కనక్కర్లేదు. మనిషి శరీర భాగాల బేస్ మెష్‌లను, అంటే ముందే చెక్కి ఉంచిన మామూలు ఆకారాలను, బ్లెండర్ వాళ్లే ఉచితంగా ఇస్తున్నారు. అందులోంచి చెయ్యి తీసుకుని, వేళ్ల కణుపులు కాస్త లావు చేసి, చర్మానికి ముడతల రంగు వేసి, నాలుగు గాజులు తొడగండి. నేలకూ గోడకూ టెక్స్చర్లు (పైన పరిచే మట్టి, సున్నం లాంటి చిత్రాలు) కావాలంటే పాలీ హేవెన్ సైట్‌లో ఎలాంటి షరతులూ లేకుండా దొరుకుతాయి.

ఆ తర్వాత రిగ్గింగ్, అంటే బొమ్మ లోపల ఎముకలు పెట్టడం. తోలుబొమ్మ భుజం, మోచేయి, మణికట్టు విడివిడి ముక్కలుగా కత్తిరించి కీళ్ల దగ్గర దారంతో కలుపుతారు కదా. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్న ఆ బొమ్మలను చూసినవాళ్లకు ఎముకల వరుస వెంటనే అర్థమవుతుంది. భుజం కదిలితే చెయ్యంతా వస్తుంది, మణికట్టు కదిలితే వేళ్లు మాత్రమే వస్తాయి. ఆర్మేచర్, అంటే ఎముకల గూడు చేర్చి, ఒక్కో కీలు దగ్గర ఒక్కో ఎముక గీసుకుంటూ పొండి. ముందు బొమ్మను ఎంచుకుని కంట్రోల్, ఎ నొక్కి స్కేల్‌ను అప్లై చేయండి. ఇది మర్చిపోతే చర్మం ఎముకలకు వింతగా అతుక్కుంటుంది. తర్వాత బొమ్మను, ఆపైన ఆర్మేచర్‌ను ఎంచుకుని కంట్రోల్, పి నొక్కి విత్ ఆటోమేటిక్ వెయిట్స్ ఎంచుకోండి.

కోడి విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. తలను నడిపించే కంట్రోల్ ఎముకను ఒంటికి పిల్లగా కట్టకండి, కడితే ఒళ్లు ఎటు పోతే అదీ అటే పోతుంది. దాన్ని స్వతంత్రంగా వదిలి, మెడ ఎముకలకు ఇన్వర్స్ కైనెమాటిక్స్ అనే కన్‌స్ట్రెయింట్ పెట్టి ఆ కంట్రోల్‌ను లక్ష్యంగా చూపించండి. అప్పుడు ఒళ్లు ఎటు జరిగినా తల ఉన్నచోటే ఉంటుంది, మెడే సాగుతుంది, ముడుచుకుంటుంది. కాళ్లకూ ఇదే పద్ధతి, పాదాలు నేల మీద జారకుండా ఉంటాయి. తలకు ఇదంతా ఎందుకో ఇప్పుడు చూద్దాం.

కోడి ఎలా నడుస్తుంది

ఫోన్ తీసుకుని కోళ్లున్న చోటికి వెళ్లండి. స్లో మోషన్‌లో పక్క నుంచి నడక తీయండి. ఇంటికొచ్చి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ కోడి కన్ను మీద వేలు పెట్టి చూడండి. కోడి తల ఊపుతూ నడుస్తుందని మనం అనుకుంటాం. నిజానికి జరిగేది వేరు. ఒళ్లు ముందుకు సాగుతున్నంతసేపూ తల గాలిలో ఒకే చోట మేకు కొట్టినట్టు నిలబడి ఉంటుంది. ఒళ్లు దాన్ని అందుకోగానే తల ఒక్క విసురున ముందుకు వెళ్లి మళ్లీ నిలబడిపోతుంది. ఒక్కో అడుగుకు ఒక్కసారి. తల నిలకడగా ఉన్నప్పుడు దానికి లోకం స్థిరంగా కనిపిస్తుంది, గింజ ఎక్కడుందో పోల్చుకోగలుగుతుంది.

నేను పెట్టుకునే లెక్క ఒక అడుగుకు 8 ఫ్రేములు. మొదటి 5 ఫ్రేములు తల కదలదు, తర్వాతి 3 ఫ్రేముల్లో ముందుకు దూకుతుంది. కాలు ఎత్తినప్పుడు వేళ్లు పిడికిలిలా ముడుచుకుంటాయి, నేలను తాకే ముందు మళ్లీ విప్పుకుంటాయి. ఈ మూడూ సరిగ్గా పడితే మీ బొమ్మ ఎంత మోటుగా ఉన్నా చూసేవాళ్లు కోడి అనే అంటారు. ఇవి తప్పితే ఎంత అందమైన ఈకలు పెట్టినా కీ ఇచ్చిన బొమ్మలాగే ఉంటుంది.

దీన్ని కంప్యూటర్‌కు చెప్పే పద్ధతి కీఫ్రేములు. ముఖ్యమైన భంగిమలు మీరు పెడతారు, మధ్యవి కంప్యూటర్ నింపుతుంది. ఈ పద్ధతికి యాభై ఏళ్లు దాటాయి. చేత్తో గీసే స్టూడియోల్లో పెద్ద చిత్రకారుడు ముఖ్యమైన బొమ్మలు గీస్తే సహాయకులు మధ్య బొమ్మలు గీసేవారు. ఒట్టావాలో కెనడా ప్రభుత్వ పరిశోధన మండలిలో పనిచేసిన నెస్టర్ బర్టనిక్, మార్సెలీ వైన్ ఆ మధ్య బొమ్మల పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. చిత్రకారుడు తెర ముందు కూర్చుని గీసి, అక్కడే కదలిక చూసుకుని, నచ్చకపోతే మార్చుకునే ఏర్పాటు చేశారు. పీటర్ ఫోల్డెస్ దాంతోనే 1974లో ‘హంగర్’ అనే 11 నిమిషాల చిత్రం తీశాడు. దానికి కాన్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది, ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది. ఆ రోజుల్లో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఉన్న సౌకర్యం ఇప్పుడు మీ బల్ల మీద ఉంది.

అయితే మధ్య బొమ్మలను కంప్యూటర్‌కు మొదటి నుంచే వదలకండి. అది అన్నిటినీ నూనె రాసినట్టు మెత్తగా కలిపేస్తుంది. మీ భంగిమల్లో ఉన్న లోపం ఆ మెత్తదనంలో దాక్కుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో యానిమేషన్ విభాగానికి వెళ్లి డీఫాల్ట్ ఇంటర్‌పొలేషన్‌ను, అంటే మధ్యవి నింపే తీరును, కాన్‌స్టంట్ అని మార్చండి. ఇప్పుడు ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు బొమ్మ గంతేస్తుంది. పోజ్ మోడ్‌లో ఎముకలన్నీ ఎంచుకుని ఐ నొక్కితే భంగిమ నమోదవుతుంది. షాట్ మొత్తం ఇలా గంతులతోనే పూర్తిచేసి, ఆడించి, కథ అర్థమవుతోందా చూడండి. అర్థమయ్యాకే కీఫ్రేములన్నీ ఎంచుకుని టి నొక్కి, మెత్తగా కలిపే బెజియర్‌కు మార్చండి.

అప్పుడు కదలికలను గీతలుగా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరవండి. చాలామంది దీన్ని చూసి టెన్షన్ పడి మూసేస్తారు. తల కంట్రోల్ ముందుకు కదిలే గీత ఒక్కటే చూడండి. అది మెట్ల ఆకారంలో ఉండాలి: అడ్డంగా కాసేపు, నిటారుగా కొద్దిగా, మళ్లీ అడ్డంగా. అడ్డంగా ఉండాల్సిన చోట గీత ఉబ్బితే తల తేలుతున్నట్టుంటుంది. వి నొక్కి హ్యాండిల్‌ను వెక్టర్ చేస్తే ఆ ఉబ్బు పోతుంది. ఒళ్లు కదిలే గీత మాత్రం దాదాపు ఏటవాలు సరళరేఖ. ఈ రెండు గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే కోడి నడక మీకు బొమ్మ చూడకుండానే కనబడుతుంది.

ఆడించినప్పుడు నత్తనడక నడుస్తుంటే మీ కంప్యూటర్‌కు భారం ఎక్కువైందన్నమాట. రెండర్ ప్రాపర్టీస్‌లో సింప్లిఫై పెట్టి సబ్‌డివిజన్ (బొమ్మను నున్నగా చేసే అదనపు ముక్కలు) తగ్గించండి. ప్లేబ్యాక్ మెనూలో సింక్‌ను ఫ్రేమ్ డ్రాపింగ్ చేయండి. అసలు వేగంతో చూడకుండా కదలిక గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. వ్యూ మెనూలోని వ్యూపోర్ట్ రెండర్ యానిమేషన్‌తో రెండు మూడు నిమిషాల్లో కచ్చా వీడియో ఒకటి తీసుకుని చూస్తే ఇంకా మంచిది.

పిండి జారడం, అడుగులు పడటం

ముగ్గు కోసం ఒకే గీతగా సాగే చిన్న మెలికల ముగ్గు ఎంచుకోండి. కాగితం మీద వేసి ఫొటో తీసి, దాని మీదుగా కర్వ్, అంటే వంపు గీత, గీయండి. కర్వ్ ప్రాపర్టీస్‌లో బెవెల్ కింద డెప్త్ పెంచితే గీతకు లావు వస్తుంది. పైనుంచి కాస్త నొక్కినట్టు చదును చేయండి, పిండి గీత పైపులా గుండ్రంగా ఉండదు. అక్కడే స్టార్ట్ అండ్ ఎండ్ మ్యాపింగ్‌లో ఎండ్ అనే అంకె ఉంటుంది. రెండో షాట్ మొదట్లో దాన్ని సున్నా చేసి ఐ, చివర్లో ఒకటి చేసి ఐ. ఈ రెండు కీఫ్రేములనూ టి నొక్కి బెజియర్‌కు మారిస్తే గీత దానంతటదే సాగుతూ వస్తుంది. చెయ్యి కంట్రోల్‌ను అదే కర్వ్ మీద ఫాలో పాత్ కన్‌స్ట్రెయింట్‌తో నడిపించి, రెండిటి వేగం కలిసేలా చూసుకోండి. మెలిక తిరిగే చోట నిజం చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది మీరు కూడా పెట్టాలి.

కోడి తిన్నచోట ముగ్గు చెరిగిపోవడం చూపించాలంటే పిండి రేణువుల సిమ్యులేషన్ జోలికి పోకండి. ముగ్గు కాపీ ఒకటి తీసి అక్కడక్కడా తెంపి, చెదరగొట్టి ఉంచండి. అయిదో షాట్‌లో ముక్కు దగ్గరగా ఉంది, ముగ్గు పెద్దగా కనబడదు. ఆరో షాట్‌కు కట్ అయ్యే ఫ్రేములో పాత ముగ్గును దాచి కొత్తదాన్ని చూపించండి. అవుట్‌లైనర్‌లో కెమెరా బొమ్మ మీద మౌస్ ఉంచి ఐ నొక్కితే కనబడటం, దాగడం కూడా కీఫ్రేములవుతాయి. అదే వరుసలోని తెర గుర్తుకు కూడా అదే చేయండి (అది కనబడకపోతే అవుట్‌లైనర్ పైనున్న ఫిల్టర్ మెనూలో ఆన్ చేసుకోండి), లేకపోతే పని చేస్తున్నప్పుడు ఒకటి, రెండర్‌లో ఇంకొకటి కనిపిస్తుంది.

అడుగులకు మూడు వేళ్ల బొమ్మ ఒకటి గీసి, చుట్టూ పారదర్శకంగా ఉండే పీఎన్‌జీగా దాచి, చిన్న ప్లేన్‌ల మీద వేయండి. పాదం లేచే ఫ్రేములో ఆ అడుగు కనబడేలా కీ పెట్టండి. ప్లేన్‌ను నేలకు సరిగ్గా ఆనిస్తే రెండూ ఒకే ఎత్తులో ఉండి మినుకుమినుకుమంటాయి. ఒక మిల్లీమీటరు పైకి ఎత్తండి.

వెలుగు

ఉదయం ఆరు గంటల వెలుగు. సన్ ల్యాంప్‌ను బాగా వాల్చండి, నిటారు నుంచి 75 డిగ్రీల పైన. లేత నారింజ రంగు, నీడల్లోకి వరల్డ్ సెట్టింగ్ నుంచి లేత నీలం. వాలిన వెలుగులో పిండి గీతకు ఒక పక్క చిన్న నీడ పడి, గీత నేల మీద లేచి కనబడుతుంది. ఇదంతా జడ్ నొక్కి రెండర్డ్ వ్యూలోనే చేయండి. సూర్యుణ్ణి ఆర్ నొక్కి మెల్లగా తిప్పుతూ ఆగాల్సిన చోట ఆగడమే పని.

కళ్ళాపి చల్లిన నేల ఒకేలా తడిగా ఉండదు. కొన్ని చోట్ల అప్పుడే ఆరిపోయి ఉంటుంది. నేల మెటీరియల్‌లో నాయిస్ టెక్స్చర్‌ను కలర్ ర్యాంప్ గుండా రఫ్‌నెస్‌కు (గరుకుదనానికి) కలపండి. తడి మచ్చలు కాస్త మెరుస్తాయి, ఆరినవి మెరవవు. 4.2 వెర్షన్ నుంచి ఈవీకి కాంతి కిరణాలను లెక్కగట్టే రేట్రేసింగ్ ఎంపిక ఉంది. అది ఆన్ చేస్తే తడి మీద కోడి ఛాయ కూడా లీలగా కనిపిస్తుంది. నాకు ఈ షాట్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ ఛాయే.

రెండర్, శబ్దం

అవుట్‌పుట్‌లో నేరుగా వీడియో ఎంచుకోకండి, ఒక్కో ఫ్రేమునూ విడి బొమ్మగా దాచే పీఎన్‌జీ ఎంచుకోండి. ఒకసారి నేను వీడియోగా పెట్టి పడుకున్నాను. 800 ఫ్రేముల దగ్గర కరెంటు పోయింది. పొద్దున చూస్తే ఫైలు తెరుచుకోలేదు. పీఎన్‌జీ అయితే 800 బొమ్మలూ భద్రంగా ఉండేవి, 801 నుంచి కొనసాగించేదాన్ని. రెండర్ అయ్యాక కొత్త బ్లెండర్ ఫైలులో వీడియో సీక్వెన్సర్‌లో ఆ బొమ్మల వరుస చేర్చి, శబ్దం పెట్టి, అప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఎంపెగ్-4, హెచ్ 264 ఎంచుకుని వీడియో తీయండి. శబ్దం కోసం ఆడియో కోడెక్ ఏఏసీ అని పెట్టడం మర్చిపోవద్దు. చాలామందికి మొదటి వీడియో మూగగా రావడానికి కారణం ఇదే.

శబ్దాలన్నీ ఇంట్లోవే. కొబ్బరి ఈనెల చీపురు నేల మీద ఒక్కసారి గీస్తే చాలు. గాజులను చేతికి వేసుకునే కదపండి, డబ్బాలో వేసి కదిపితే వేరే చప్పుడొస్తుంది. కోడి కాళ్ల కింద చప్పుడుకు పళ్లెంలో బియ్యప్పిండి పోసి మూడు వేళ్లతో మెల్లగా నొక్కాను. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్ హోరు తగ్గించుకోవచ్చు. సంగీతం పెట్టే ముందు ఒకసారి ఈ చప్పుళ్లతోనే పూర్తిగా వినండి. నేను చివరికి సంగీతం పెట్టలేదు.

చూపించడం

కథ చెప్పకుండా ఇద్దరు ముగ్గురికి చూపించండి. తెర వైపు కాదు, వాళ్ల ముఖాల వైపు చూడండి. అడుగుల షాట్‌లో వాళ్లకు అర్థం కాకపోతే ఆ షాట్‌కు ఇంకో అర సెకను ఇవ్వండి. అది మీ తప్పే గానీ వాళ్లది కాదు.

ఆ తర్వాత రోజూ ముగ్గు వేసేవాళ్లకు చూపించండి. నేను మా పెద్దమ్మకు చూపించాను. కోడి గురించి ఏమీ అనలేదు. రెండో షాట్ రాగానే ఆపమని, ‘‘పిండి అలా గుప్పిట్లోంచి రాదమ్మా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వస్తుంది. మిగతా వేళ్లు లోపల పిండిని పట్టుకుని ఉంటాయి’’ అని తన చెయ్యి చాపి చూపించింది. ఆమె పక్కన కూర్చుని ఉండగానే రెండు వేళ్ల ఎముకలు మార్చి, ఆ షాట్‌లోని 144 ఫ్రేములు మళ్లీ రెండర్‌కు పెట్టాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్లీ ఆడించినప్పుడు ఆమె ఏమీ అనకుండా తన కుడిచేతి వేళ్లను ఒళ్లో మెల్లగా కదుపుతూ చూసింది.